పది వారాల బిడ్డతో సింగపూర్ ప్రయాణం: వెళ్ళవచ్చా, ఆగాలా?

పెన్నా ఒడ్డు, నెల్లూరు (ప్రశ్న)

మాది నెల్లూరు. పంతొమ్మిది రోజుల క్రితం పొగతోటలోని ఒక ఆసుపత్రిలో నా భార్యకు ఆపరేషన్ చేసి కాన్పు చేశారు. బాబు పుట్టాడు. నెలలు నిండాకే పుట్టాడు, బరువు మూడు కిలోలకు కొంచెం తక్కువ. ఎల్లుండి, ఇరవై ఒకటో రోజున, బారసాల పెట్టుకున్నాము. మాకు ఇంతకుముందే మూడేళ్ళ పాప ఉంది.

మా బావమరిది సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మూడేళ్ళుగా ఇటు రాలేకపోయాడు కాబట్టి మమ్మల్నే రమ్మంటున్నాడు. టికెట్లు చౌకగా వస్తున్నాయని కొన్ని నెలల క్రితం మా అమ్మకు, నాన్నగారికి, మా ఇద్దరికి, పాపకు కలిపి చెన్నై నుంచి ఐదు టికెట్లు కొనేశాము. ఏడు రోజుల ప్రయాణం. అప్పటికి పుట్టబోయే బిడ్డకు పది వారాలు నిండుతాయని లెక్క వేసి, పది వారాల బిడ్డను ఎత్తుకుని వెళ్ళడానికేముంది అని తేలికగా అనుకున్నాము. తీరా బిడ్డను చేతుల్లోకి తీసుకున్నాక, మెడ కింద చెయ్యి పెట్టకుండా ఎత్తుకోవడానికి వీల్లేని ఆ ప్రాణిని చూశాక, ఆ తేలికతనం ఎటు పోయిందో తెలియదు.

ఇంట్లో రెండు మాటలు నడుస్తున్నాయి. మూడో నెల నిండేదాకా బిడ్డను గడప దాటించేది లేదని మా అమ్మ పట్టుబట్టింది. బాలింత వద్దంటుందేమోనని అనుకున్నాను గాని, వెళ్దామంటున్నది నా భార్యే. ఇక్కడున్నా వీడు రాత్రంతా మేలుకొనే ఉంటాడు, అక్కడా మేలుకొనే ఉంటాడు, కనీసం మా అన్నయ్యను చూసినట్టయినా ఉంటుంది కదా అని ఆమె వాదన. ఇద్దరికీ సర్దిచెప్పలేక నేను నలిగిపోతున్నాను.

నాకు తెలియవలసినవి ఇవి. ఇంత చిన్న బిడ్డను విమానం ఎక్కించడం వల్ల చెవులకో, ఊపిరికో ఏమైనా ఇబ్బంది ఉంటుందా? మిగిలిన ఏడు వారాల్లో బిడ్డకు పాస్‌పోర్టు, వీసా రావడం సాధ్యమేనా? ఆపరేషన్ అయిన తల్లి రెండున్నర నెలల్లో ఇలాంటి ప్రయాణం చేయవచ్చా? స్వయంగా పసిబిడ్డను తీసుకుని వెళ్ళివచ్చినవారు ఎవరైనా ఉంటే, దయచేసి కష్టసుఖాలు రెండూ దాచకుండా చెప్పండి.


కొత్తపట్నం అల, ఒంగోలు

ముందుగా మీ ఇంటికి వచ్చిన బాబుకు ఆశీస్సులు. రెండేళ్ళ క్రితం మా అమ్మాయికి నాలుగున్నర నెలలున్నప్పుడు మేము సింగపూర్ వెళ్ళివచ్చాము కాబట్టి మా అనుభవం చెబుతాను. వెళ్ళాలా వద్దా అన్నది తరువాత తేల్చుకోండి. కాగితాల పని మాత్రం ఈ వారమే మొదలుపెట్టండి. ఏడు వారాలంటే చాలా వ్యవధి ఉన్నట్టు అనిపిస్తుంది గాని, జనన ధృవీకరణ, పాస్‌పోర్టు, వీసా ఒకదాని వెనుక ఒకటి నడవవలసినవే తప్ప పక్కపక్కన నడిచేవి కావు.

2023 అక్టోబరు 1న గాని ఆ తరువాత గాని పుట్టిన పిల్లలకు, పాస్‌పోర్టు విషయంలో పుట్టినతేదీకి జనన ధృవీకరణ పత్రం ఒక్కటే ఆధారం. జననాన్ని 21 రోజుల లోపు నమోదు చేయించాలి. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ వివరాలు సాధారణంగా ఆసుపత్రివారే పంపుతారు. పేరు పెట్టకముందే నమోదైతే పత్రంలో పేరు ఉండదు. ఏడాది లోపు పేరును రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు గాని, పేరు లేని పత్రంతో పాస్‌పోర్టుకు వెళ్ళలేము. కాబట్టి మీ బారసాల అయిన మరునాడే మునిసిపల్ కార్యాలయం మెట్లు ఎక్కండి.

మేము దెబ్బతిన్నది ఇక్కడే. ఆసుపత్రిలో కాగితం నింపినవారు నా పేరుకు ముందు మా అత్తవారి ఇంటిపేరు రాశారు. నా పాస్‌పోర్టులో ఉన్నది పుట్టింటి పేరు. నేను మగతలో ఉన్నాను, మావారు చూసుకోకుండా సంతకం చేశారు. ఆ ఒక్క ఇంటిపేరు సరిచేయించడానికి మాకు ఇరవై రోజులకు పైగా పట్టింది. తల్లి పేరు, తండ్రి పేరు మీ పాస్‌పోర్టుల్లో ఏ అక్షరాలతో ఉన్నాయో అవే అక్షరాలతో పత్రంలో ఉన్నాయా అని వేలు పెట్టి చదవండి. పాస్‌పోర్టు దరఖాస్తులో పొడి అక్షరాలు చెల్లవు, ఇంటిపేరు పూర్తిగా రాయాలి. మన ఇళ్ళలో ఇంటిపేరును ఒక్క అక్షరంతో సరిపెట్టడం అలవాటు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

పాస్‌పోర్టు విషయానికి వస్తే, తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అనుబంధం డి అనే అంగీకార పత్రం కావాలి. అది తెల్లకాగితం మీద చాలు, స్టాంపు కాగితం అక్కర్లేదు. మీ ఇద్దరికీ చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టులు ఉంటే బిడ్డకు పోలీసు విచారణ సాధారణంగా ఉండదు. చిన్నపిల్లల రుసుము వెయ్యి రూపాయలు, ఎనిమిదేళ్ళ లోపువారికి కొత్త పాస్‌పోర్టు మీద అందులో పది శాతం తగ్గింపు ఉంది. తత్కాల్ కావాలంటే మరో రెండు వేలు. ఈ పాస్‌పోర్టు ఐదేళ్ళే చెల్లుతుంది. బిడ్డను వెంట తీసుకుని వెళ్ళవలసిందే. అందుకని అపాయింట్‌మెంటును బిడ్డ పాలు తాగి పడుకునే వేళకు చూసుకోండి.

నాలుగేళ్ళ లోపు పిల్లలకు ఫొటోను మనమే తీయించి పట్టుకెళ్ళాలి. మా ఊళ్ళో స్టూడియోవారు రెండు నెలల పిల్లకు తెల్లని వెనుకతలం ఎలా తేవాలో తెలియక చేతులెత్తేశారు. చివరికి మా మామగారి తెల్లపంచెను మంచం మీద ముడత లేకుండా పరిచి, పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, మావారు స్టూలెక్కి పైనుంచి తీశారు. కళ్ళు తెరిస్తే నోరు తెరిచింది, నోరు మూస్తే కళ్ళు మూసింది. నలభై ఫొటోల తరువాత, మా అత్తగారు వెండి గిలక్కాయ ఆడించిన క్షణంలో ఒక్కటి కుదిరింది.

భారతీయులకు సింగపూర్ వీసా తప్పనిసరి. ఒళ్ళో బిడ్డకైనా విడిగా వీసా ఉండాలి. టికెట్ విషయంలో కూడా, రెండేళ్ళ లోపు బిడ్డ మీ ఒళ్ళో కూర్చున్నా పేరు మీద టికెట్ ఉండాలి. అంతర్జాతీయ ప్రయాణంలో అది సాధారణంగా పెద్దవారి ధరలో పదోవంతు, పైన పన్నులు. మీరు కొన్న ఐదు టికెట్లలో బిడ్డ లేడు కాబట్టి విమాన సంస్థకు ఫోన్ చేసి చేర్పించాలి. అప్పుడే ముందు వరుసలో గోడకు తగిలించే తొట్టిని కూడా అడగండి. అవి కొన్నే ఉంటాయి, ముందు అడిగినవారికే దక్కుతాయి.

ఇక ప్రయాణం. అందరూ విమానం గురించే భయపడతారు. మాకు విమానం నాలుగు గంటలే, అందులో మూడు గంటలు పిల్ల నిద్రపోయింది. మమ్మల్ని అలసగొట్టింది చెన్నై చేరడం. మీ నెల్లూరు నుంచి విమానాశ్రయం దాదాపు 180 కిలోమీటర్లు. దారిలో పాలివ్వడానికి, గుడ్డలు మార్చడానికి ఆగుతూ వెళితే నాలుగు గంటలు, అక్కడ మూడు గంటల ముందు హాజరు, గాలిలో నాలుగు గంటలకు పైగా, దిగాక వరుసలు, సామాను, మళ్ళీ కారు. గడప నుంచి గడపకు పదమూడు గంటలు వేసుకోండి. పది వారాల బిడ్డ ఆ పదమూడు గంటల్లో ఆరేడు సార్లు పాలు తాగుతాడు. ఆరేడు సార్లూ మీ భార్య ఎక్కడ కూర్చుంటారో ముందే ఆలోచించి పెట్టుకోండి.


పెన్నా ఒడ్డు, నెల్లూరు

మీరు చెప్పాక జనన వివరాల కాగితం తీసి చూశాను. నా భార్య పేరులో ఒక అక్షరం ఎక్కువ పడింది. ఇంకా ధృవీకరణ పత్రం రాలేదు కాబట్టి రేపే వెళ్ళి సరిచేయిస్తాను. ఈ ఒక్క మాటకే మీకు ఎంతో రుణపడి ఉన్నాను.


సోమశిల నీరు, కావలి

నేను పిల్లల వైద్యుడిని. మీ బిడ్డను చూడలేదు కాబట్టి, నా మాటలను మీ వైద్యుడి దగ్గరకు వెళ్ళేటప్పుడు అడగవలసిన ప్రశ్నల జాబితాగానే తీసుకోండి.

మొదట మీ సూటి ప్రశ్నకు సమాధానం. పుట్టిన మొదటి 48 గంటల్లో బిడ్డను విమానం ఎక్కించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కనీసం వారం ఆగితే మేలని వైద్యులు అంటారు. నెలలు నిండి పుట్టి, గుండె, ఊపిరితిత్తులు బాగున్న పది వారాల బిడ్డకు విమానం ఎక్కడంలో వైద్యపరమైన నిషేధం లేదు. విమానం లోపలి గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నంత ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ దాన్ని తట్టుకుంటాడు. నెలలు తక్కువగా పుట్టిన బిడ్డల సంగతి వేరు.

చెవి నొప్పికి కారణం చెవి లోపలి గాలికీ బయటి గాలికీ ఒత్తిడి సమం కాకపోవడం. మనం గుటక వేసినప్పుడు ముక్కు వెనుక నుంచి చెవికి వెళ్ళే సన్నని గొట్టం తెరుచుకుని ఆ తేడా సర్దుకుంటుంది. బిడ్డకు గుటక వేయమని చెప్పలేము కాబట్టి పాలిస్తాము. పైకి లేచేటప్పటి కన్నా కిందికి దిగేటప్పుడే నొప్పి ఎక్కువ. విమానం నేలను తాకడానికి సుమారు అరగంట ముందే దిగడం మొదలవుతుంది. అందరూ ఎక్కగానే పాలిచ్చేసి, దిగే వేళకు బిడ్డ కడుపు నిండి పడుకుని ఉండగా నొప్పితో లేపుకుంటారు. మొదటిసారి పాలను కాస్త తగ్గించి, రెండోసారి పాలను దిగేటప్పటికి మిగుల్చుకోండి. జలుబుతో ముక్కు మూసుకుపోయి ఉంటే ప్రయాణానికి ముందు తప్పక చూపించండి. నిద్రపోతాడని దగ్గు మందో, జలుబు మందో పట్టించవద్దు. ఈ సలహా బంధువుల నుంచి తప్పక వస్తుంది, అందుకే ముందుగానే చెబుతున్నాను.

అయితే నన్ను ఆలోచింపజేస్తున్నవి వేరే రెండు విషయాలు. మొదటిది టీకాలు. మన జాతీయ పట్టికలో ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసే) సూదిమందు, పోలియో, రోటా చుక్కలు ఉంటాయి. డోసుకూ డోసుకూ మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలి. మీ బాబుకు మొదటి డోసు సరిగ్గా ఆరు వారాలకు, అంటే 42వ రోజున వేయించినా, రెండోది 70వ రోజు కన్నా ముందుకు జరపలేము. మీ లెక్క ప్రకారం ఆ రోజే మీరు విమానంలో ఉంటారు. అదే రోజు వేయించి ఎక్కితే, మొదటి ఒకటి రెండు రోజుల్లో వచ్చే జ్వరం పరాయి దేశంలో వస్తుంది. తిరిగి వచ్చాక వేయిస్తే కొద్ది రోజుల ఆలస్యం వల్ల నష్టం లేదు గాని, ప్రయాణమంతా ఒక్క డోసు రక్షణతోనే నడుస్తుంది. పెంటావాలెంట్ కాపాడే వాటిలో కోరింత దగ్గు ఒకటి. అది పెద్దవారికి మొండి దగ్గులా ఉండి పోతుంది, మూడు నెలల లోపు బిడ్డకు ఊపిరి ఆగే స్థితి తెస్తుంది.

రెండోది జ్వరం. మూడు నెలల లోపు బిడ్డకు ఒళ్ళు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ఇంట్లో మందు వేసి చూద్దామనే పద్ధతి లేదు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, రక్తపరీక్షలు చేస్తారు, చాలాసార్లు చేర్చుకుంటారు. ఇది సింగపూర్‌లో జరిగితే వైద్యంలో లోటు ఉండదు, బిల్లే మోయలేనిదవుతుంది. ప్రయాణ బీమా ఉంది కదా అనుకోవద్దు. చాలా పాలసీలు బిడ్డకు మూడు నెలలో, ఆరు నెలలో నిండాకే వర్తిస్తాయి. కొనే ముందు కనీస వయసు ఎంతో రాతపూర్వకంగా అడగండి.

తల్లి గురించి అడిగారు. కాన్పు తరువాత మొదటి ఆరు వారాలు కాళ్ళ రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువగా ఉంటుంది, ఆపరేషన్ అయితే మరికొంత ఎక్కువ. పది వారాలకు ఆ గడువు దాటుతుంది. అయినా గంటకోసారి లేచి నడవాలి, నీళ్ళు బాగా తాగాలి, పెట్టెలు ఎత్తకూడదు. విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది కాబట్టి పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ. బిడ్డకు మాత్రం నీళ్ళు పట్టించనక్కర్లేదు, అడిగినప్పుడల్లా తల్లిపాలిస్తే చాలు. తేనె నాకించే అలవాటు ఇంట్లో ఉంటే ఏడాది నిండేదాకా మానిపించండి.

నన్నే నిర్ణయించమంటే, పద్నాలుగు వారాల టీకా అయి, మరో రెండు మూడు వారాలు గడిచాక వెళ్ళండి అంటాను. అంటే ఐదో నెల. అప్పటికి మెడ కూడా నిలబడుతుంది.


కందుకూరు నాయనమ్మ

నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. ఇద్దరు కోడళ్ళకు, ఒక కూతురికి పురుడు పోశాను. మూడో నెల దాకా గడప దాటవద్దన్న మీ అమ్మగారి మాటను చాదస్తంగా కొట్టిపారేయకండి. టీకాలు లేని రోజుల్లో పదిమంది చేతుల్లో పడకుండా బిడ్డను కాపాడుకోవడానికి పెద్దలు ఆ కట్టుబాటు పెట్టుకున్నారని నా నమ్మకం. డాక్టరు గారు వారాల లెక్కలో చెప్పినదీ, ఆమె నెలల లెక్కలో చెబుతున్నదీ దాదాపు ఒక్కచోటికే వచ్చాయి చూడండి.

అందరూ బాబు గురించే మాట్లాడుతున్నారు. నాకు మీ మూడేళ్ళ పాప మీద మనసు పోతోంది. తమ్ముడు పుట్టిన రెండు నెలలకు ఏ పిల్ల అయినా అమ్మ ఒడి కోసం పేచీ పెడుతుంది. అర్ధరాత్రి విమానాశ్రయంలో నిద్రకళ్ళతో తనను కూడా ఎత్తుకోమంటుంది. మీ భార్య ఎత్తుకోలేరు, ఎత్తుకోకూడదు. ఆ రాత్రి మీ రెండు చేతుల్లో ఒకటి పాపకు పూర్తిగా వదిలేస్తే, మిగిలిన చేత్తో ఆరుగురి పాస్‌పోర్టులు, పెట్టెలు, పాలసంచి ఎలా చూస్తారో లెక్క వేసుకోండి. మీ నాన్నగారు, అమ్మగారు విమానం ఎక్కడం ఇదే మొదటిసారి అయితే వారికీ మీ సాయమే కావాలి.

మీ భార్య వెళ్దామంటున్నారంటే అన్నను చూడాలన్న ఆశ ఒక్కటే కాకపోవచ్చు. నాలుగు గోడల మధ్య, పత్యపు కూడు తింటూ, నలుగురి సలహాలు వింటూ ఉన్న బాలింతకు ఎటైనా వెళ్ళాలనిపిస్తుంది. ప్రయాణం వాయిదా వేస్తే వేయండి, ఆ ఉక్కపోత మాత్రం తీర్చండి. సాయంత్రం పూట అరగంట బిడ్డను మీరు చూసుకుని ఆమెను పెన్న గట్టు దాకా పంపించండి.


గూడూరు నిమ్మతోట, ప్రస్తుతం సింగపూర్

నేను ఇక్కడ తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను. మా ఊరి నుంచి పసిపిల్లలతో వచ్చినవారికి ఏమేమి ఎదురయ్యాయో కళ్ళారా చూశాను కాబట్టి నాలుగు మాటలు చెబుతాను.

వీధుల్లో బిడ్డబండి నడపడానికి ఈ ఊరంత సుఖమైన చోటు తక్కువ. మెట్రో స్టేషన్లలో లిఫ్టులు ఉంటాయి, బస్సులో బండిని మడవకుండానే ఎక్కించవచ్చు, పెద్ద దుకాణ సముదాయాలన్నింటిలో పాలివ్వడానికి గదులుంటాయి. బొటానిక్ గార్డెన్స్‌లో ప్రవేశం ఉచితం. 2015లో యునెస్కో వారసత్వ గుర్తింపు పొందిన తోట అది. ఉదయం ఎండ ముదరకముందు బాలింతను, బిడ్డను తీసుకెళ్ళడానికి నాకు తెలిసి అంతకన్నా మంచి చోటు లేదు. డయపర్లు, పాలసీసాలు నెల్లూరు నుంచి మోసుకురావద్దు. సెరంగూన్ రోడ్డు దగ్గర ముస్తఫా సెంటర్‌లో అన్నీ దొరుకుతాయి.

కారు విషయంలో జాగ్రత్త. 1.35 మీటర్ల కన్నా పొట్టిగా ఉన్న పిల్లలు కారులో వారికి తగిన సీటులోనే కూర్చోవాలని ఇక్కడి చట్టం. మామూలు ట్యాక్సీలకు మినహాయింపు ఉంది గాని, ఫోన్ యాప్‌లో పిలిచే ప్రైవేటు అద్దె కార్లకు లేదు. మీ పాపకూ ఇది వర్తిస్తుంది. బావమరిదిని విమానాశ్రయానికి కారు తెమ్మనేటప్పుడు రెండు సీట్లు అమర్చమని చెప్పండి.

మన ఊళ్ళో చీరతో ఉయ్యాల కట్టినట్టు ఇక్కడ కట్టడానికి దూలం ఉండదు. అలవాటైన బిడ్డ మొదటి రాత్రి మంచం మీద నిద్రపోడు. ఇక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది, దాన్ని పసిబిడ్డ పట్టించుకోడు, పెద్దవారే తూగుతారు. బయట ఉక్క, లోపల చలి. మెట్రోలో నుంచి అంగట్లోకి, అంగట్లో నుంచి వీధిలోకి మారుతున్నప్పుడల్లా బిడ్డకు ఒక పలుచని దుప్పటి తీస్తూ కప్పుతూ ఉండాలి. దోమల ద్వారా వచ్చే డెంగీ ఇక్కడా ఉంది, బండికి దోమతెర వేసుకోండి.

మరొక మాట. మీ అమ్మగారు బాలింత కోసం మసాలాపొడులు, కారప్పొడులు కట్టి తెస్తారని నాకు తెలుసు. అందులో గసగసాలు ఉండకుండా చూడండి. మనకు కూరలో వేసుకునే దినుసు, ఇక్కడ మత్తుమందుల నియంత్రణ పరిధిలోకి వచ్చే సరుకు. ఇక్కడ దిగే రోజుకు మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపవలసిన ఆగమన పత్రం కూడా ఒకటి ఉంది, అది బిడ్డకూ విడిగా నింపాలి, రుసుము ఏమీ లేదు.


పెన్నా ఒడ్డు, నెల్లూరు

మీ అందరి జవాబులనూ నిన్న రాత్రి నా భార్యకు, మా అమ్మకు చదివి వినిపించాను. డాక్టరు గారు చెప్పిన 70వ రోజు లెక్కను మేమే క్యాలెండరు మీద వేసి చూసుకున్నాము. ఒక్క రోజు తేడా లేకుండా అదే తేదీ వచ్చింది. దాంతో వాదన అక్కడికక్కడే ఆగిపోయింది. బీమా కంపెనీకి ఫోన్ చేస్తే, వారి పాలసీలో బిడ్డకు ఆరు నెలలు నిండాలన్నారు. మరొకచోట మూడు నెలలన్నారు.

చివరికి ఇలా అనుకున్నాము. అమ్మ, నాన్నగారు మొదట కొన్న టికెట్ల మీదే వెళతారు. బావమరిది స్వయంగా విమానాశ్రయానికి వచ్చి తీసుకెళతానన్నాడు. చెన్నై దాకా నేను రైలులో దిగబెడతాను. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై సెంట్రల్‌కు చేరి, అక్కడి నుంచి మెట్రోలో నేరుగా విమానాశ్రయం వెళ్ళవచ్చని తెలిసి నాన్నగారికి కారు ప్రయాణం తప్పినందుకు సంతోషం. మేమిద్దరం, పాప, బాబు ఐదో నెలలో వెళతాము. మూడు టికెట్ల తేదీ మార్పుకు రుసుము బాగానే పడింది. అది మా తొందరపాటుకు కట్టిన పన్ను అనుకుంటున్నాను. మా అమ్మ వారం రోజులు ఇంట్లో ఉండదు కాబట్టి ఆ వారం మా అత్తగారు ఆత్మకూరు నుంచి వచ్చి ఉంటారు. నా భార్య ముఖం వాయిదా మాట విన్నప్పుడు చిన్నబోయింది గాని, అత్తగారు రావడం ఖాయమయ్యాక కాస్త తేరుకుంది. కందుకూరు అమ్మగారు చెప్పినట్టు ఈ సాయంత్రం ఆమెను ఒంటరిగా బయటకు పంపించాను. గంటన్నర తరువాత మలైకాజా పొట్లంతో తిరిగి వచ్చింది. బాబు ఆ గంటన్నరలో గంటసేపు ఏడ్చాడని ఆమెకు చెప్పలేదు.

జనన వివరాల్లో పేరు సరిచేయించాను. బారసాల బాగా జరిగింది, బాబు పేరు రేపు నమోదు చేయిస్తాను. పాస్‌పోర్టు ఫొటో కోసం తెల్లపంచె సిద్ధం చేశాము. ఇక మిగిలింది ఒకటే సందేహం, నవ్వకండి. బాబు బుగ్గ మీద దిష్టిచుక్క లేకుండా ఫొటో తీయడానికి మా అమ్మ ఒప్పుకోవడం లేదు. పాస్‌పోర్టు ఫొటోలో కాటుక చుక్క ఉంటే ఒప్పుకుంటారా?


కొత్తపట్నం అల, ఒంగోలు

ముఖం మీద మచ్చలా కనిపించేది ఏదీ లేకుండా ఉండడమే క్షేమం. బుగ్గ మీది చుక్క, కంటి కాటుక, నెత్తి మీది టోపీ తీసేసే ఫొటో తీయండి. మా అత్తగారికీ ఇదే పట్టుదల వచ్చింది. చుక్కను అరికాలికి పెట్టాము. ఫొటోలో కాళ్ళు రావు.